మా అమ్మాయి డార్క్ మ్యాటర్ మీద పరిశోధన చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది కొత్తగూడెం. సింగరేణిలో అండర్‌గ్రౌండ్ బాయిలో పనిచేసి రిటైరయ్యాను. మా చిన్నమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరంలో ఉంది. మార్కులు బాగానే వస్తాయి. బీఈడీ చేసి గురుకులంలో టీచర్ అవుతుందనుకున్నాం. ఇప్పుడేమో న్యూట్రినోలు, డార్క్ మ్యాటర్ మీద పీహెచ్‌డీ చేస్తానని పట్టుబట్టింది. అదేమిటని అడిగితే, ఇంతవరకు ఎవరికీ దొరకలేదట, భూమి లోపల గనుల్లో మిషన్లు పెట్టి వెతుకుతారట. నా బిడ్డ బాయి దిగకూడదనే కదా సార్, ఇన్నేళ్లు నేను దిగింది! దశాబ్దాలుగా దొరకనిదాని వెనకపడితే దాని బతుకేం కావాలి? ఉద్యోగం వస్తుందా? ఆడపిల్లకు ఆ పని క్షేమమేనా? ఇక్కడ చదివించాలా, బయటికి పంపాలా? అప్పు చేయడానికైనా సిద్ధమే, కానీ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – పేరు రాయవద్దన్న ఒక తండ్రి

సమాధానం: అన్నా, నమస్తే. నేనూ ఈ రంగంలోనే పనిచేసి రిటైరయ్యాను. అందుకే మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ఉద్యోగం, క్షేమం, అప్పు గురించి కూడా చెప్తాను. ముందు మీ నిద్ర చెడగొడుతున్న ప్రశ్న తీసుకుందాం: దొరకనిదాని కోసం వెతకడం ఒక పనేనా అని.

మీకు తెలిసిన విషయంతోనే మొదలుపెడతాను. షిఫ్టు మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ లోపలికి వెళ్లి గ్యాస్ ఉందేమో చూసి, లేకపోతే 'లేదు' అని పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. ఏ రోజుకారోజు 'లేదు' అని రాసినంత మాత్రాన ఆయన పని దండగని ఏ కార్మికుడూ అనడు. ఆయన ఒట్టి చేతులతో పోయి రాలేదు. సరిగ్గా పనిచేసే పరికరంతో, చూడాల్సిన చోట చూసి, బాధ్యత తీసుకుని రాశాడు. డార్క్ మ్యాటర్ ప్రయోగంలో పనిచేసేవాళ్లూ అదే రకం మాట చెబుతారు: 'ఇంత బరువు, ఇంత బలం ఉన్న కణం ఉండి ఉంటే మా పరికరానికి తగిలి ఉండేది. తగల్లేదు.' ఆ మాట చెప్పే హక్కు రావాలంటే పదేళ్లు పడుతుంది. మీ అమ్మాయి ఎంచుకుంటున్నది ఆ పదేళ్ల పనిని. కణం దొరుకుతుందా లేదా అన్నది ఆమె చేతిలో లేదు, నా చేతిలో లేదు, ఎవరి చేతిలోనూ లేదు.

అసలు ఎందుకు వెతుకుతున్నారో కూడా చెప్పాలి. గెలాక్సీల అంచుల్లో ఉన్న నక్షత్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో 1970ల్లో వీరా రూబిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త జాగ్రత్తగా కొలిచారు. కంటికి కనిపించే పదార్థం బరువు మాత్రమే ఉంటే ఆ నక్షత్రాలు అంత వేగానికి ఎప్పుడో విడిపోయి ఉండాలి. పట్టి ఉంచుతున్నది ఇంకేదో ఉంది. దానికే డార్క్ మ్యాటర్ అని పేరు. ఆ తర్వాత ఎన్నో రకాల కొలతలు అదే చెప్పాయి: విశ్వంలో ఉన్న పదార్థంలో దాదాపు 85 శాతం మనకు తెలిసిన అణువులతో తయారైంది కాదు. అంటే ఇది ఎవరో ఊహించుకున్న దయ్యం కాదు. దాని బరువు కొలిచాం, అది ఏ కణమో మాత్రం తెలియలేదు.

న్యూట్రినోలు అనే అతిచిన్న కణాలు వేరు. అవి ఉన్నాయని మనకు ఖాయంగా తెలుసు. సూర్యుడి నుంచి మన బొటనవేలి గోరంత చోటులోంచి ప్రతి సెకనుకూ దాదాపు 6,500 కోట్లు దూసుకుపోతుంటాయి. వాటికి మన ఒళ్లూ, మొత్తం భూమీ లేనట్టే లెక్క. చాలా అరుదుగా ఎక్కడో ఒకటి ఒక అణువుకు తగులుతుంది. ఆ ఒక్క తాకిడిని పట్టుకోవాలంటే మిగతా చప్పుడంతా ఆపాలి. నేల మీద అయితే అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే మ్యుయాన్ కణాలు మన అరచేతిలోంచే సెకనుకు ఒకటి చొప్పున పోతుంటాయి. కెనడాలో సడ్‌బరీ దగ్గర నికెల్ గనిలో 2 కిలోమీటర్ల లోతున ఉన్న స్నోల్యాబ్‌లో, చదరపు మీటరు స్థలానికి మూడు నాలుగు రోజులకు ఒక్క మ్యుయాన్ వస్తుంది. మిగతావన్నీ పైన ఉన్న రాయి ఆపేస్తుంది. శాస్త్రవేత్తలు గనుల్లోకి దిగేది ఇందుకే. ఆ రాతి కప్పు కోసం.

ఈ దారిలో మన దేశం వెనకబడి ఉన్నదేమీ కాదు, ఒకప్పుడు ముందు నడిచింది. ఈ సంగతి మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది, మీకూ తెలియాలి. కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు, అంటే టీఐఎఫ్ఆర్ వాళ్లు, లోతు పెరిగేకొద్దీ మ్యుయాన్లు ఎలా తగ్గుతాయో కొలుస్తూ పోయారు. బాగా లోతుకు వెళ్లాక వారాల తరబడి చూసినా ఒక్కటీ తగల్లేదు. చేతికేమీ రాలేదని పరికరాలు సర్దుకుని పైకి వచ్చేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఎంజీకే మేనన్, బీవీ శ్రీకంఠన్, వాళ్ల సహచరులు దాన్ని మరోలా చూశారు. ఇంత నిశ్శబ్దంగా ఉన్న చోటు దొరికింది కాబట్టి ఇక్కడ న్యూట్రినోల కోసం చూడొచ్చు అనుకున్నారు. జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయాల వాళ్లతో కలిసి 2 కిలోమీటర్లకు పైగా లోతున డిటెక్టర్లు పెట్టారు. 1965లో, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను ప్రపంచంలో మొదట పట్టుకున్న రెండు బృందాల్లో ఒకటి వాళ్లది. రెండోది దక్షిణాఫ్రికా బంగారు గనిలో పనిచేసింది. ఏమీ కనపడని ఆ వారాలే వాళ్లకు దారి చూపించాయి.

అమెరికాలో రే డేవిస్ కథ ఇంకా పెద్దది. సౌత్ డకోటాలోని హోమ్‌స్టేక్ బంగారు గనిలో దాదాపు కిలోమీటరున్నర లోతున, బట్టల డ్రైక్లీనింగ్‌కు వాడే ద్రవాన్ని 600 టన్నులకు పైగా ఒక ట్యాంకులో నింపాడాయన. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినో ఎప్పుడైనా అందులోని క్లోరిన్ అణువుకు తగిలితే అది ఆర్గాన్‌గా మారుతుంది. కొన్ని వారాలకొకసారి ఆ ట్యాంకంతా గాలించి, పట్టుమని పాతిక కూడా ఉండని ఆర్గాన్ అణువులను బయటికి తీసి లెక్కపెట్టాలి. 1968లో మొదటి ఫలితాలు వచ్చాయి. రావాల్సిన దానిలో మూడోవంతే వచ్చింది. లెక్కలో తప్పుందన్నారు, ట్యాంకులో తప్పుందన్నారు, సూర్యుడి గురించి మన సిద్ధాంతమే తప్పన్నారు. ఆయన వాదనకు దిగలేదు. తెలిసినంత ఆర్గాన్‌ను తనే ట్యాంకులో కలిపి, దాన్ని తిరిగి బయటికి తీయగలుగుతున్నాడో లేదో పరీక్షించాడు. వ్యవస్థ సరిగానే ఉంది. మళ్లీ కొలిచాడు. 1990ల దాకా కొలుస్తూనే ఉన్నాడు. మధ్యలో ఉద్యోగం నుంచి రిటైరై, ఒక విశ్వవిద్యాలయంలో చేరి అదే పని కొనసాగించాడు. 2002లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ఆయనకు 88 ఏళ్లు.

ఆ మిగతా రెండొంతులు ఏమయ్యాయో తేల్చింది కెనడాలోని సడ్‌బరీ న్యూట్రినో అబ్జర్వేటరీ. ఇందులో మీ జిల్లాకు ఒక చిన్న సంబంధం ఉంది. మణుగూరులో భారజల కర్మాగారం ఉంది కదా, అంటే బరువైన రకం హైడ్రోజన్ ఉండే నీటిని తయారుచేసేది. మన అణువిద్యుత్ కేంద్రాలకు అక్కడి నుంచి కూడా భారజలం వెళ్తుంది. సరిగ్గా అలాంటి భారజలమే సడ్‌బరీ ప్రయోగానికి ప్రాణం. 30 కోట్ల కెనడా డాలర్ల విలువైన 1,000 టన్నుల భారజలాన్ని అక్కడి అణుశక్తి సంస్థ నుంచి అరువు తెచ్చుకున్నారు. న్యూట్రినోలు మూడు రకాలు. డేవిస్ ట్యాంకు ఒక్క రకాన్నే చూడగలదు. భారజలంతో అయితే ఆ ఒక్క రకాన్నీ విడిగా కొలవొచ్చు, మూడింటినీ కలిపీ కొలవొచ్చు. 2001, 2002ల్లో ఫలితాలు వచ్చాయి: మొత్తం సరిపోయింది. సూర్యుడి దగ్గర ఒక రకంగా బయలుదేరినవి దారిలో మిగతా రకాలుగా మారుతున్నాయి. అలా మారాలంటే వాటికి ఎంతో కొంత బరువు ఉండి తీరాలి. దీనికే 2015లో ఆర్థర్ మెక్‌డొనాల్డ్‌కు, ఇలాంటి మార్పునే చూపిన జపాన్ ప్రయోగం తరఫున తకాకి కజితకు కలిపి నోబెల్ ఇచ్చారు. భారజలం వాడదామన్న ఆలోచన 1984లో హెర్బర్ట్ చెన్ అనే శాస్త్రవేత్తది. ఆయన 1987లోనే కన్నుమూశారు, ఫలితం చూడలేదు. ఈ రంగం అంటే ఇలాంటివాళ్లు కూడా. ఆయన పేరు చెప్పకుండా ఈ కథ చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

ఇప్పటి సంగతికి వద్దాం. డేవిస్ పనిచేసిన ఆ హోమ్‌స్టేక్ గనిలో, అదే లోతులో, ఇప్పుడు ఎల్‌జెడ్ అనే డార్క్ మ్యాటర్ ప్రయోగం నడుస్తోంది. 10 టన్నుల జెనాన్ వాయువును మైనస్ 100 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చి, చుట్టూ దాదాపు 500 కాంతి సెన్సర్లు పెట్టారు. ఏదైనా కణం వచ్చి జెనాన్ అణువుకు తగిలితే ఒక చిన్న మెరుపు, ఆ వెనకే ఇంకో మెరుపు వస్తాయి. రెండిటినీ పోల్చి ఎక్కడ తగిలిందో, ఏ రకం కణమో చెబుతారు. 2024లో, 280 రోజుల డేటా చూసి, డార్క్ మ్యాటర్ తగల్లేదని ప్రకటించారు. అదే ఏడాది ఇటలీలోని జెనాన్-ఎన్‌టీ, చైనాలోని పాండాఎక్స్-4టీ ప్రయోగాలు ఒక కొత్త సంగతి చెప్పాయి. సూర్యుడి నుంచి వచ్చే ఒక రకం న్యూట్రినోలు తమ జెనాన్‌ను తాకుతున్న సూచనలు కనిపించాయని. డార్క్ మ్యాటర్ కోసం కట్టిన డిటెక్టర్లు ఎంత సున్నితంగా తయారయ్యాయంటే, ఇప్పుడు వాటికి న్యూట్రినోలే అడ్డం వస్తున్నాయి. నా ఉద్దేశంలో మీ అమ్మాయికి ఇది చాలా మంచి కాలం. ఈ రెండు రంగాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. డార్క్ మ్యాటర్ పరికరం మీద చేయి తిరిగినవాళ్లు రేపు న్యూట్రినో ప్రయోగంలోకి, అక్కడివాళ్లు ఇక్కడికి సులువుగా మారగలరు. ఒకటి ఆగిపోతే బతుకు ఆగిపోదు.

ఇక రోజువారీ పని ఎలా ఉంటుందో చెప్తాను. పిల్లలకు కళాశాలలో ఎవరూ చెప్పని భాగం ఇదే. ఇందులో ఎక్కువ కాలం పోయేది మురికితో పోరాటానికి. ప్రతి రాతిలో, ప్రతి ఇనుప బోల్టులో, ప్రతి వైరులో కొంచెం యురేనియం, థోరియం ఉంటాయి. మన ఒంట్లోని పొటాషియం కూడా రేడియేషన్ ఇస్తుంది. గని గాలిలో రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఉంటుంది. అవన్నీ డిటెక్టర్‌లో దొంగ మెరుపులు పుట్టిస్తాయి. అందుకే ప్రతి స్క్రూనూ ముందు కొలిచి, పనికొస్తుందో లేదో తేల్చాలి. ఇటలీలోని ఒక ప్రయోగంలో కవచం కోసం సముద్రంలో మునిగిపోయిన పాత రోమన్ ఓడ నుంచి తీసిన సీసం వాడారు. రెండు వేల ఏళ్లలో దానిలోని రేడియోధార్మికత తగ్గిపోయింది కాబట్టి. స్నోల్యాబ్‌లో పని చేయాలంటే గని కార్మికులతో పాటు కేజ్‌లో, అంటే గని లిఫ్టులో దిగి, సొరంగంలో కిలోమీటరుకు పైగా నడిచి, స్నానం చేసి, శుభ్రమైన బట్టలు వేసుకుని లోపలికి వెళ్లాలి. మీరు పని ముగిశాక స్నానం చేసేవారు, అక్కడ పని మొదలుపెట్టే ముందు చేస్తారు.

మెరుపు కనపడగానే సంబరపడటం కూడా ఈ పనిలో కుదరదు. 2011లో న్యూట్రినోలు కాంతికంటే వేగంగా వచ్చాయని ఇటలీలోని ఒక ప్రయోగం ప్రకటించింది. చివరికి ఫైబర్ ఆప్టిక్ కేబుల్ ఒకటి వదులుగా బిగించడం వల్ల టైమ్ తప్పు చూపించిందని తేలింది. 2020లో జెనాన్-1టీ ప్రయోగంలో ఊహించనన్ని సంకేతాలు వచ్చాయి. ప్రపంచమంతా మాట్లాడుకుంది. ఆ బృందం మాత్రం ఇది ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ మురికి కూడా కావొచ్చు అని మొదటి రోజే రాసింది. 2022లో ఇంకా శుభ్రమైన కొత్త డిటెక్టర్‌తో చూస్తే ఆ సంకేతాలు లేవు. వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. ఎల్‌జెడ్‌లో అయితే విశ్లేషణ చేసేవాళ్లకు తెలియకుండా దొంగ సంకేతాలు డేటాలో కలుపుతారు, మనసులోని ఆశ లెక్కను చెడగొట్టకుండా. ఇంత నిజాయితీ అడిగే పనులు లోకంలో చాలా తక్కువ.

కాబట్టి మీరు మీ అమ్మాయిని అడగాల్సిన మాట 'డార్క్ మ్యాటర్ దొరుకుతుందా' అని కాదు. ల్యాబ్‌లో పరికరం పనిచేయకపోతే చిరాకు పడి లేచిపోతుందా, ఎందుకు పనిచేయట్లేదో తేలేదాకా కూర్చుంటుందా అని అడగండి. ఆకాశం, విశ్వం అంటే ఇష్టమున్న పిల్లలు వేలమంది. సోల్డరింగ్, వ్యాక్యూమ్ పంపు, లీకు వెతకడం, రాత్రి షిఫ్టులో స్క్రీన్ ముందు కూర్చుని పీడనం గ్రాఫు చూడటం, కంప్యూటర్‌లో వెయ్యి లైన్ల ప్రోగ్రామ్‌లో ఒక తప్పు పట్టుకోవడం, వీటిని ఇష్టంగా చేసేవాళ్లు తక్కువ. ఆమెకు విశ్వం గురించి చదవడమే ఇష్టమైతే సిద్ధాంతం వైపు వెళ్లడమో, మీరనుకున్నట్టు మంచి టీచర్ కావడమో మేలు. అదేమీ తక్కువ పని కాదు. నన్ను ఈ రంగంలోకి తెచ్చింది ఒక టీచరే. కానీ చేత్తో పని చేయడంలో ఆనందం ఉంటే ఆమెను ఆపకండి. తేల్చుకోవడానికి సులువైన దారి, ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఏదైనా డిటెక్టర్ ల్యాబ్‌లో చేయడం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్ రెండూ అమెరికాలోని నోవా న్యూట్రినో ప్రయోగంలో భాగస్వాములు. షికాగో దగ్గరి ఫెర్మీల్యాబ్ నుంచి 810 కిలోమీటర్ల దూరానికి న్యూట్రినోలను భూమిలోంచి పంపి కొలిచే ప్రయోగం అది. అక్కడి ప్రొఫెసర్లకు ఆమె స్వయంగా ఈమెయిల్ రాయాలి. ఒకరిద్దరు జవాబివ్వకపోతే నిరాశ పడొద్దని చెప్పండి.

ఉద్యోగం గురించి దాచకుండా చెప్తాను. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. తర్వాత రెండు మూడేళ్ల కాంట్రాక్టు మీద పోస్ట్‌డాక్ అనే పరిశోధన ఉద్యోగం, బహుశా ఇంకో దేశంలో ఇంకొకటి. ఆ తర్వాతే శాశ్వత ఉద్యోగం మాట, అదీ అందరికీ రాదు. ముప్పై అయిదేళ్లు దాటినా స్థిరపడలేదని బంధువులు అడుగుతారు, పెళ్లి గురించి అడుగుతారు. ఆ ఒత్తిడి ఆమె మీద పడకుండా చూడగలిగితే మీరు చేసే పెద్ద సాయం అదే. జూనియర్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, తర్వాత సీనియర్ స్థాయిలో 42,000, దానికి ఇంటి అద్దె అలవెన్స్ అదనం. అంటే పీహెచ్‌డీ చేస్తున్నంత కాలం మీ మీద భారం ఉండదు.

పరిశోధనలో శాశ్వత పోస్టు రానివాళ్లు ఏమవుతారు? నేను చూసినంతలో ఖాళీగా ఉన్నవాళ్లు లేరు. చాలా కొద్ది రేడియేషన్‌ను కొలవడం వచ్చినవాళ్లు అణువిద్యుత్, ఖనిజాన్వేషణ రంగాల్లో కావాలి. యురేనియం వెతికే అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఈ డిటెక్టర్లలో వాడే కాంతి సెన్సర్లే ఆస్పత్రుల్లో పెట్ స్కానర్లలో ఉంటాయి. డేటా విశ్లేషణ, ప్రోగ్రామింగ్, ఎలక్ట్రానిక్స్ వచ్చినవాళ్లను కంపెనీలు పిలిచి తీసుకుంటాయి. మీకు ఇంకా భయంగా ఉంటే ఆమెను బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్‌కు కూడా అప్లై చేయమనండి. ఏడాది శిక్షణ పూర్తి చేస్తే సైంటిఫిక్ ఆఫీసర్ ఉద్యోగం, ఆ తర్వాత పీహెచ్‌డీకీ దారి ఉంటుంది. ఇంటికీ ధైర్యం, ఆమెకూ సైన్స్.

క్షేమం సంగతి. మీరు దిగిన బాయికీ ఈ ల్యాబ్‌లకూ తేడా ఉంది. ఇవి గట్టి రాతిలో తొలిచిన పెద్ద హాళ్లు. కప్పుకు బోల్టులు, కాంక్రీటు, స్వచ్ఛమైన గాలి, కరెంటు, ఇంటర్నెట్ అన్నీ ఉంటాయి. బొగ్గు గనిలోలా మీథేన్ భయం ఉండదు. ఉన్న ప్రమాదాల్లో ముఖ్యమైంది ద్రవ వాయువులది. జెనాన్, ఆర్గాన్, నైట్రోజన్ లీకైతే గాలిలో ఆక్సిజన్ తగ్గుతుంది, మనిషికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది. అందుకే ఆక్సిజన్ మీటర్లు, శిక్షణ, ఒంటరిగా పనిచేయకూడదన్న నియమాలు పెడతారు. అలారం మోగితే పని వదిలేసి బయటికి రావాలని ఆమెకు మీరే చెప్పండి. గని మనిషి చెబితే బాగా ఎక్కుతుంది. ఇంకోటి, ఏడాదిలో భూమి లోపల ఉండేది కొన్ని వారాలే. మిగతా కాలమంతా పైన ల్యాబ్‌లో, కంప్యూటర్ దగ్గర.

ఆడపిల్ల అన్నారు. మన గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ పనికి అనుమతించింది 2019లోనే, అదీ కొన్ని షరతులతో. మీ కాలంలో మీరు చూడకపోవడం సహజం. కానీ ఈ సైన్స్‌లో ఆడవాళ్లు ముందు నుంచీ ఉన్నారు. టీఐఎఫ్ఆర్‌లో చేరిన తొలి మహిళా పరిశోధకురాలు బిభా చౌదరి కోలార్ ప్రయోగాల్లో పాలుపంచుకున్నారు. ఆవిడ పేరు 2019లో ఒక నక్షత్రానికి పెట్టారు. ఇటలీలో ఉన్న జెనాన్ ప్రయోగాలను మొదలుపెట్టి నడిపిస్తున్నది ఎలెనా అప్రిలే అనే మహిళ. అయినా అన్ని చోట్లా వాతావరణం ఒకేలా ఉండదు. విద్యార్థులను, ముఖ్యంగా అమ్మాయిలను, చులకనగా చూసే గ్రూపులు నేను చూశాను. అందుకే చేరే ముందు అక్కడ ఇప్పుడు చదువుతున్న అమ్మాయిలతో ఫోన్‌లో విడిగా మాట్లాడమనండి. ఆ గ్రూపు నుంచి గత కొన్నేళ్లలో ఎంతమంది పీహెచ్‌డీ పూర్తి చేశారు, ఎన్నేళ్లు పట్టింది, తర్వాత ఎక్కడికి వెళ్లారు అని అడగాలి. గైడ్ పేరు ఎంత పెద్దదో అన్నదానికంటే ఈ జవాబులకు నేను ఎక్కువ విలువిస్తాను.

మన దేశంలో ఈ పని ఎక్కడుంది? ఇక్కడ నాకు బాధ ఉంది. కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి. తమిళనాడులో తేని దగ్గర బోడి కొండల కింద 50,000 టన్నుల ఇనుముతో కట్టాలనుకున్న న్యూట్రినో అబ్జర్వేటరీకి 2015లో కేంద్ర మంత్రివర్గం దాదాపు 1,500 కోట్ల రూపాయలకు ఆమోదం తెలిపింది. స్థానికుల వ్యతిరేకత, పర్యావరణ అనుమతులు, కోర్టు కేసుల మధ్య అది కదలలేదు. కొండ దగ్గర బతికే ప్రజల భయాలను మొదటి నుంచీ కూర్చుని వినాల్సింది, వివరించాల్సింది. దానికోసం తయారైన పిల్లలు మదురైలో కట్టిన 85 టన్నుల చిన్న నమూనా మీద, కంప్యూటర్ సిమ్యులేషన్ల మీద థీసిస్‌లు రాసుకున్నారు. మీ అమ్మాయికి ఇందులో పాఠం ఉంది: ఇంకా కాగితం మీదే ఉన్న ప్రయోగాన్ని నమ్ముకుని పీహెచ్‌డీలో చేరకూడదు. ఇప్పటికే డేటా వస్తున్న ప్రయోగంలో విశ్లేషణ ఒక కాలు, కొత్తగా కడుతున్న దానిలో హార్డ్‌వేర్ ఇంకో కాలు, రెండూ ఉండే గ్రూపును ఎంచుకోవాలి. కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున చిన్న ల్యాబ్ నడుపుతున్నారు. భువనేశ్వర్‌లోని నైసర్ అనే సైన్స్ విద్యా పరిశోధన సంస్థకు కెనడాలోని సూపర్ సీడీఎంఎస్ డార్క్ మ్యాటర్ ప్రయోగంలో భాగం ఉంది. ముంబైలో టీఐఎఫ్ఆర్ ఎలాగూ ఉంది. డిసెంబర్‌లో టీఐఎఫ్ఆర్ పరీక్ష, ఫిబ్రవరిలో గేట్, ఆ చుట్టుపక్కలే జెస్ట్, వీటితోపాటు సీఎస్ఐఆర్ నెట్. సిలబస్ దాదాపు ఒకటే కాబట్టి నాలుగూ రాయమనండి.

బయటికి వెళ్లాలనుకుంటే ఒక్క మాట గట్టిగా చెప్తాను. అప్పు చేయకండి. మన దగ్గర కన్సల్టెన్సీల వాళ్లు ఫిజిక్స్ పిల్లలను కూడా లక్షలు ఖర్చయ్యే ఎమ్మెస్ కోర్సుల్లోకి మళ్లిస్తారు. అమెరికాలో ఫిజిక్స్ పీహెచ్‌డీకి సీటు ఇచ్చే మంచి డిపార్ట్‌మెంట్లు ట్యూషన్ ఫీజు తీసుకోవు, పైగా బోధనలో సాయం చేసినందుకో, పరిశోధనకో నెలనెలా జీతం ఇస్తాయి. కెనడాలో మెక్‌డొనాల్డ్ పనిచేసిన క్వీన్స్ యూనివర్సిటీ లాంటి చోట్లా విద్యార్థికి డబ్బు ఇచ్చే చేర్చుకుంటారు. సీటు ఇచ్చి డబ్బు మీరే కట్టుకోండి అంటే ఆ సీటు వద్దనుకోండి. మీకయ్యే ఖర్చు అప్లికేషన్ ఫీజులు, ఇంగ్లిష్ పరీక్ష, వీసా, విమానం టికెట్టు. ఒక్కో అప్లికేషన్‌కు దాదాపు వంద డాలర్లు అవుతుంది. అడిగితే మాఫీ చేసే యూనివర్సిటీలు చాలానే ఉన్నాయి, అడగడానికి మొహమాటపడొద్దు. చాలా వాటికి డిసెంబర్‌లోనే గడువు ముగుస్తుంది. అందుకే ఆమె ఇప్పుడే ఒక ఆరేడు గ్రూపుల పేర్లు, ఒక్కో గ్రూపు ఇప్పుడు ఏ ప్రయోగంలో ఏ భాగం కడుతోందో రెండు లైన్లలో రాసి పెట్టుకోవాలి. ఆ కాగితం తయారయ్యాక ఈ పత్రిక చిరునామాకే పంపమనండి. నేను చూసి, దేనికి ముందు రాయాలో చెప్తాను.